తలుపు దగ్గర నిలబడ్డవాడు

విలియం గోల్డింగ్ 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' (1954) నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండోసారి పోయిన నెల. మొదటిసారి చదివినప్పుడు మనసు తేలికపడింది. అంత ఘోరమైన నవల చదివి తేలికపడటం ఏంటి అని మీకు అనుమానం రావచ్చు. అదే చెప్తాను.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో (మొత్తం చెప్పేస్తున్నా, తిట్టుకోకండి). యుద్ధం రోజుల్లో ఒక విమానం కూలిపోయి ఇంగ్లండు కుర్రాళ్ళు కొందరు దీవిలో చిక్కుకుంటారు. పెద్దవాళ్ళు ఎవరూ ఉండరు. రాల్ఫ్‌ని నాయకుడిగా ఎన్నుకుంటారు, శంఖం చేతిలో ఉన్నవాడే మాట్లాడాలని రూలు పెట్టుకుంటారు. కొన్నాళ్ళకి జాక్ వేటగాళ్ళ ముఠా తయారవుతుంది. దీవిలో ఏదో మృగం ఉందని అందరికీ భయం పట్టుకుంటుంది. అది మృగం కాదు, పారాచూట్‌తో పడిన ఒక మనిషి శవం అని చెప్పడానికి సైమన్ చీకట్లో పరిగెత్తుకొస్తే, గుండ్రంగా తిరుగుతూ గెంతుతున్న పిల్లలు వాణ్ణే మృగం అనుకుని చంపేస్తారు.

దీనికి ముందు 1857లో బాలంటైన్ 'ది కోరల్ ఐలండ్' రాశాడు. అందులోనూ రాల్ఫ్, జాక్ అనే పేర్లే. అక్కడ పిల్లలు బంగారాలు, చెడ్డంతా బయటనుంచి వస్తుంది, సముద్రపు దొంగల రూపంలో. గోల్డింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి, 1944లో నార్మండీ చూసొచ్చినవాడు. ఆ తర్వాత బడిపంతులు. బాలంటైన్ పిల్లల్ని ఆయన నమ్మలేకపోయాడు. చెడు ఎక్కడో లేదు, మనలోనే ఉంది అన్నాడు.

సరిగ్గా ఆ ముక్క దగ్గరే నా మనసు తేలికపడింది.

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్. అంతకు ముందు ఏడాది మమ్మల్ని సీనియర్లు ఆడించారు కాబట్టి ఇప్పుడు మా వంతు. ర్యాగింగ్ నిషేధిస్తూ 1997లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, ఆ బోర్డు మా మెస్ గోడ మీద కూడా ఉండేది. ఒక రాత్రి మా గదికి ఒక జూనియర్ని తీసుకొచ్చారు. ముందు అగ్గిపుల్లతో గది కొలవమన్నారు. అది మామూలే. తర్వాత పేరు చెప్పమన్నారు. ఆ అబ్బాయికి నత్తి. పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటూ గంటసేపు. నేను అడగలేదు. వార్డెన్ వస్తాడేమో చూడమని నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. చూస్తూ నిలబడ్డాను. నవ్వాను కూడా. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె, పరుపు ఆటోలో వేసుకుని కొడుకుని తీసుకెళ్ళిపోయారు.

కాబట్టి, మనిషి పుట్టుకలోనే ఇది ఉందని నోబెల్ (1983) వచ్చిన పెద్దమనిషి చెబుతుంటే ఎంత హాయిగా ఉంటుందో చూడండి. అందరికీ ఉన్న జబ్బుకి నన్ను నేను తిట్టుకోవడం దేనికి?

ఆ హాయి 2020 దాకా ఉంది. ఆ ఏడాది రట్గర్ బ్రెగ్మన్ అనే డచ్ రచయిత పుస్తకం వల్ల టోంగా కుర్రాళ్ళ సంగతి అందరికీ తెలిసింది. 1965లో ఆరుగురు బోర్డింగ్ స్కూలు పిల్లలు చెప్పకుండా ఒకరి పడవ తీసుకుని పారిపోయారు. తుఫానులో తెరచాప, చుక్కాని పోయి, ఎనిమిది రోజులు కొట్టుకుపోయి అటా అనే ఖాళీ దీవికి చేరారు. అది ఊరికే ఖాళీ కాలేదు. 1863లో బానిస వ్యాపారులు అక్కడి జనాన్ని చాలామందిని ఎత్తుకుపోతే, మిగిలినవాళ్ళని రాజు వేరే దీవికి తరలించాడు. ఆ జనం వదిలేసి వెళ్ళిన కోళ్ళ సంతానం, అరటి చెట్లే నూరేళ్ళ తర్వాత ఈ పిల్లల్ని బతికించాయి. మనుషుల్లో రెండు రకాలూ ఒకే దీవి మీద కనబడుతున్నాయి కదా!

పదిహేను నెలల తర్వాత, 1966 సెప్టెంబరులో, పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా ఆయన పడవలో అటు వెళ్తూ వాళ్ళని చూశాడు. ఆరుగురూ క్షేమం. వెలిగించిన మంట ఆరనివ్వలేదు. ఒకడికి కాలు విరిగితే కర్రలు కట్టి సరిచేశారు, వాడి పని మిగతావాళ్ళు పంచుకున్నారు. (ఇంటికొచ్చాక పడవ యజమాని ఫిర్యాదు చేస్తే జైల్లో పెట్టారు, పాపం. వార్నరే డబ్బు కట్టి విడిపించాడు.)

ఇది చదివి చాలామంది "చూశారా, మనిషి మంచివాడే, గోల్డింగ్ తప్పు" అన్నారు. నేను ఒప్పుకోను. ఆరుగురు స్నేహితుల్ని బట్టి మానవజాతికి సర్టిఫికెట్ ఇవ్వలేం. నన్ను పట్టుకున్నది వేరే విషయం. గొడవ వస్తే ఇద్దర్నీ దీవికి చెరో వైపు పంపేసేవారట. కోపం చల్లారాక పిలిపించి క్షమాపణ చెప్పించేవారట. అంటే మేం మంచివాళ్ళం అని వాళ్ళు అనుకోలేదు. మేం కొట్టుకుంటాం అని ముందే ఒప్పుకుని, దానికో ఏర్పాటు చేసుకున్నారు. మా హాస్టల్లో ఉన్న ఒకే ఒక్క ఏర్పాటు తలుపు దగ్గర నేను.

అందుకే మళ్ళీ నవల తీశాను. ఈసారి సైమన్ చావు కంటే ఆ మర్నాటి ఉదయం దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. మనం చేసింది హత్య అంటాడు రాల్ఫ్. పిగ్గీ ఒప్పుకోడు. అది ప్రమాదం అంటాడు, చీకటి అంటాడు, మనం వలయం బయట ఉన్నాం అంటాడు. కవలలిద్దరూ అలిసిపోయి ముందే వెళ్ళిపోయామని చెప్తారు. అవతల జాక్ అయితే, మృగమే వేషం మార్చుకుని వచ్చిందని తేల్చేస్తాడు. పిగ్గీ ఆ దీవిలో అందరికంటే తెలివైనవాడు, మంచివాడు. మొదటిసారి చదివినప్పుడు ఈ పేజీలు నాకసలు గుర్తే లేవు.

మొన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో ఆ రాత్రి సంగతి ఎత్తాడు, నవ్వే బొమ్మలు పెట్టి. "వాడు మరీ సెన్సిటివ్ రా" అని ఒకడు. "నువ్వూ ఉన్నావు కదరా?" అని నన్ను అడిగారు. "నేను తలుపు దగ్గరున్నా" అని కొట్టేసి పంపాక చూసుకున్నాను. కాసేపాగి "లోపలే" అని ఇంకో మెసేజ్ పెట్టాను. వాడి నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. కొంతసేపటికి ఒకడు క్రికెట్ స్కోరు పెట్టాడు.