ఆడే కాళ్లకో ఊరు కావాలి!

పెనుకొండ దాటి బెంగళూరు దారి పట్టారా... కాసేపటికి సోమందేపల్లె వస్తుంది. రెండు పక్కలా ఎర్రనేల. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుండే గుండ్రాళ్ల కొండలు. వానపడితే చెనక్కాయ చేలు, పడకపోతే బీళ్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే బస్సులకి ఈ ఊరు కిటికీలో రెండు నిమిషాల దృశ్యం, అంతే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన దాటితే గొప్ప అనుకునే సీమ ఇది. ఇక్కడ దిగి చూసేందుకు ఏముందని చాలామంది దిగరు.

కానీ ఈ ఊరిని మధ్యలో పెట్టుకుని గంటన్నర ప్రయాణం మేర చుట్టూ ఓ గీత గీసి చూడండి. ఆ గీత లోపల రాతిలో ఆడే రంభ ఉంది. తెర వెనక కాలుతో తాళం వేస్తూ రామాయణం నడిపించే తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. ఉరుము మెడకు వేసుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే జానపద బృందాలున్నాయి. లేనిదల్లా ఒక్కటే. ఆడేవాళ్లు ఓ నెల రోజులు ఏ దిగులూ లేకుండా ఉండి, తమ ఆటేదో తాము వెతుక్కునే చోటు. అలాంటి చోట్లకి ప్రపంచమంతా వాడుతున్న పేరు ‘రెసిడెన్సీ’. దాన్ని చూడాలంటే ఇదే రోడ్డు మీద ఇంకా దక్షిణానికి పోవాలి.

గురువుకి మూడు కాళ్లు

ముందు లేపాక్షి. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. వీరభద్రస్వామి గుడిని అచ్యుత దేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారని చెబుతారు. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది చేసే పని ఒకటుంది. నేలకి ఆనీ ఆనని స్తంభం కింద నుంచి గుడ్డ లాగి, ఫొటో దిగి, బయటి బసవన్న దగ్గరికి వెళ్లిపోవడం. ఆ స్తంభం ఉన్నది నాట్యమండపంలో అన్న సంగతి వాళ్లకి పట్టదు!

గుడ్డ సంగతి పక్కన పెట్టి మండపం నడుమ కాసేపు నిలబడితే అసలు కథ తెలుస్తుంది. చుట్టూ స్తంభాల మీద ఓ కచేరీ నడుస్తోంది. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. తుంబురుడి చేతిలో వీణ. ఇంకో స్తంభం మీద మూడు కాళ్ల భృంగి. రంభకి నాట్యం నేర్పుతున్నది ఆయనేనని ఇక్కడి గైడ్ల మాట. రెండు కాళ్లతో చాలని అడుగేదో ఆ మూడోకాలితో వెతుకుతున్నట్టుంటాడు.

గమనిస్తే, శిల్పులు చెక్కింది ఒక్క నర్తకిని కాదు. ఆడే మనిషి, వాయించేవాళ్లు, దిద్దే గురువు, ఆడేందుకు చోటు... నాలుగూ కలిస్తేనే నాట్యమని చెక్కారు. రెసిడెన్సీ అనే మాటకి ఇంతకన్నా మంచి వివరణ ఏ బ్రోచర్‌లోనూ దొరకదు.

చాతుర్మాస్యం లాంటిదే

ఇంతకీ రెసిడెన్సీ అంటే? సన్యాసులు వానాకాలం నాలుగు నెలలు తిరుగుడు మాని ఒకచోట ఉంటారు కదా, చాతుర్మాస్యమని. దాదాపు అలాంటిదే. కళాకారుడికి బస, భోజనం, సాధనకి ఓ హాలు, వీలైతే కొంత డబ్బు ఇస్తారు. రెండు వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఉండొచ్చు. ఏం చేయదలచుకున్నారో ముందు రాసి పంపాలి. చివరికి పూర్తయిన ప్రదర్శన ఇచ్చి తీరాలనే నియమం చాలాచోట్ల ఉండదు. చేసినంత వరకు పదిమందికి చూపిస్తే చాలు.

రచయితకి మూల గది దొరికితే పుస్తకం రాసుకుంటాడు. చిత్రకారుడికి గోడ, వెలుతురు చాలు. నర్తకులకి అలా కుదరదు. వాళ్ల కాగితం నేలే. అది సిమెంటు నేలైతే గెంతిన ప్రతిసారీ దెబ్బ మోకాళ్ల మీద పడుతుంది. కింద కాస్త ఖాళీ వదిలి, అడుగు పడితే కొద్దిగా ఊగేలా చెక్కనేల వేయాలి. పైగా ఒక్కరుంటే చాలదు. నలుగురు ఆడాలి, ఒకరు బయట నిలబడి చూడాలి. ఊళ్లో ఇలాంటి హాలుకి గంటల లెక్కన అద్దె కడుతూ కొత్త అడుగు కనిపెట్టమంటే ఎవరివల్ల అవుతుంది? చేతిలో ఉన్న పాత ఐటమే మళ్లీ ఆడేస్తారు. సమకాలీన నృత్యానికి మరీ కష్టం. శాస్త్రీయ నృత్యానికి అరంగేట్రాలు, ఉత్సవాలు, ట్యూషన్లు ఉన్నాయి. దీనికి పెళ్లిలో వేదికా లేదు, గుడిలో సేవా లేదు!

అమెరికాలో టెడ్ షాన్ మసాచుసెట్స్‌లో పాత వ్యవసాయ క్షేత్రాన్ని కొని, 1930ల్లో దాన్నే నాట్యకేంద్రంగా మార్చాడు. పేరు ‘జాకబ్స్ పిల్లో’. పగలు రాళ్లు మోసి, కట్టెలు కొట్టి, సాయంత్రం ఆడేవారట ఆయన బృందంలోని యువకులు. మన పక్కన జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

హెసరఘట్టలో మట్టి, రాయి, ఒడిస్సీ

సోమందేపల్లె నుంచి బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి మీదుగా ఓ వంద కిలోమీటర్ల పైచిలుకు పోయి, యలహంక నుంచి పక్కకి తిరిగితే హెసరఘట్ట. అక్కడుంది ‘నృత్యగ్రామ్’. బొంబాయిలో మోడల్‌గా పేరు తెచ్చుకున్న ప్రోతిమా బేడీ 1975లో ఓ ఒడిస్సీ ప్రదర్శన చూశారు. వయసు ఇరవై ఆరు. ఆ వయసులో కొత్తగా నాట్యం నేర్చుకునేదెవరు? ఆమె నేర్చుకున్నారు. ఒడిశా వెళ్లి కేలూచరణ్ మహాపాత్ర దగ్గర శిష్యరికం చేశారు. 1989లో కర్ణాటక ప్రభుత్వం పదెకరాలు లీజుకిచ్చింది. జెరార్డ్ డకున్హా అనే ఆర్కిటెక్టు మట్టి, రాయి, గడ్డి కప్పులతో ఇళ్లు గీశారు. 1990 మేలో ప్రధాని వి.పి.సింగ్ ప్రారంభించారు.

అక్కడి విద్యార్థులకి నాట్యం ఒక్కటే పాఠం కాదు. పొద్దున్నే లేచి ఊడవాలి, మొక్కలకి నీళ్లు పోయాలి, కూరగాయలు పండించాలి. ఏడు శాస్త్రీయ నృత్యాలకు ఏడు గురుకులాలు పెట్టాలన్నది మొదటి ఆలోచన. గట్టిగా వేళ్లూనింది మాత్రం ఒడిస్సీయే. 1998 ఆగస్టులో కైలాస మానససరోవర యాత్రలో, మాల్పా దగ్గర కొండచరియలు విరిగిపడి ప్రోతిమ చనిపోయారు. అప్పుడే అది మూతపడాల్సింది. పడలేదు! తొలి విద్యార్థిని సురూపా సేన్, ఆమెతోపాటు బిజయినీ శతపథి ఆ ఊరిని నిలబెట్టారు. శ్రీలంకలోని చిత్రసేన బృందంతో కలిసి 2012లో చేసిన ‘సంహార’ చూసినవారికి అర్థమవుతుంది, రెండు దేశాల అడుగులు ఒక వేదిక మీద కలవాలంటే ఎంత సమయం, ఎంత నేల కావాలో.

బెంగళూరు నగరంలోనే 1992లో మొదలైన ‘అట్టక్కలరి’ది వేరే దారి. జయచంద్రన్ పాలాళి నడిపిన ఈ సంస్థ సమకాలీన నృత్యానికే పుట్టింది. కొత్త కొరియోగ్రాఫర్లని పిలిచి రెసిడెన్సీలు నిర్వహించింది. పుదుచ్చేరి పక్కన వీణాపాణి చావ్లా పెంచిన ‘ఆదిశక్తి’లో కలరిపయట్టు, కూడియాట్టం సాధనల నుంచి నటుల ఒంటికి, ఊపిరికి శిక్షణ తయారైంది. 2014లో ఆమె పోయాక కూడా అక్కడ పని సాగుతూనే వచ్చింది.

మరి మన తెలుగువాళ్లకి? కూచిపూడి ఊరే ఒకప్పుడు పెద్ద రెసిడెన్సీ. వీధి వీధంతా భాగవతులే. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో శిష్యులు గురువుతోనే ఉండి నేర్చుకున్నారు. అయితే అవి ఉన్నదాన్ని నేర్పే చోట్లు. కొత్తదాన్ని వెతుక్కోమని తలుపు తీసి వదిలేసే చోట్లు వేరు.

ఉరుము ఎక్కడ ఆడాలి?

అనంతపురం సీమలో గ్రామదేవతల కొలుపుల్లో ఉరుములు వాయిస్తారు. రెండు ముఖాల వాద్యం. ఒకవైపు వంకర పుల్లతో రుద్దుతుంటే లోపల మబ్బు గర్జించినట్టుంటుంది. వాయిస్తూనే ఆడతారు. బరువంతా మెడ మీద, అడుగు మాత్రం తేలిక. ఏ సమకాలీన నర్తకికైనా నెల రోజుల పాఠం అది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకి వెళితే తోలుబొమ్మలాట కుటుంబాలు కనిపిస్తాయి. దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. మనకి తెర ముందు బొమ్మే కనిపిస్తుంది. వెనక మనిషి గజ్జెల కాలుతో చెక్కపలకని తొక్కుతుంటాడు. నిజానికి ఆడేది అతనే! ఇప్పుడు ఆ ఊళ్లో ఆటకన్నా ల్యాంప్ షేడ్లకే గిరాకీ. తోలు అదే, రంగులు అవే. కాలికి మాత్రం పని తగ్గింది.

పుల్ల రుద్దడం, పలక తొక్కడం పుస్తకంలో రాసిపెట్టుకుంటే వచ్చే విద్యలు కావు. పెద్దాయన ఒంట్లోంచి కుర్రాడి ఒంట్లోకి ఎక్కాలి. ఆ కుర్రాడు కూలి కోసం ఇదే రోడ్డు పట్టుకుని బెంగళూరు పోతే ఎక్కేదెప్పుడు? కొత్త నర్తకులు వచ్చి నేర్చుకునేందుకు, నేర్పినవాళ్లకి పారితోషికం ఇచ్చేందుకు ఇక్కడో చోటుంటే ఒక దెబ్బకి రెండు పనులవుతాయి.

స్థలం లేదనడానికి వీల్లేదు. సోమందేపల్లెకి ఉత్తరాన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 500 ఎకరాల పైన వెలిసింది. దక్షిణాన పాలసముద్రం దగ్గర కస్టమ్స్ అధికారుల జాతీయ శిక్షణ అకాడమీ 2024 జనవరిలో ప్రారంభమైంది. దానిదీ వందల ఎకరాల లెక్కే. రెండూ కావాల్సినవే, ఎవరూ కాదనరు. నృత్యగ్రామ్ అడిగింది పది.

వెళ్లాలనుకుంటే... బెంగళూరు రైలు మార్గంలో హిందూపురంలో దిగితే లేపాక్షికి బస్సులు, ఆటోలు ఉంటాయి. నాట్యమండపం చూడ్డానికి ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ మంచిది. నిమ్మలకుంటకి ధర్మవరం మీదుగా వెళ్లాలి. దారిలో రాగిసంగటి, ఊరుబిండి దొరికే చోట ఆగడం మరిచిపోవద్దు.