పీపా చౌక, లీటరు ప్రియం

అర్థశాస్త్రంతో నా పరిచయం ఇంటర్మీడియట్‌తోనే ముగిసింది. గిరాకీ రేఖ ఒకటి, సరఫరా రేఖ ఒకటి నల్లబల్ల మీద గీసి, రెండూ ఖండించుకున్న చోట సుద్దముక్కతో చుక్క పెట్టి, "ఇదిరా ధరంటే" అన్నారు మా మాస్టారు. బొమ్మ అందంగానే ఉండేది. ఆ చుక్కని లాగే చేతులు కూడా ఉంటాయని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలియజెప్పింది పుస్తకం కాదు, మా వీధిలోకి వచ్చే కూరగాయల ఆటో అతను.

2020 మే నెల. హైదరాబాదు తలుపులు మూసుకుని కూర్చున్న రోజులు. చేవెళ్ళ వైపు నుంచి ట్రాలీ ఆటోలో కూరగాయలు వేసుకుని వారానికి మూడుసార్లు వచ్చేవాడతను. పొద్దున్నే హారను వినబడగానే మాస్కులు తగిలించుకుని, సంచులు పట్టుకుని అందరం దిగేవాళ్ళం. అప్పటికి రెండు వారాల కిందటే పేపర్లో ఒక వింత చదివాను. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ధర సున్నా కంటే కిందికి, పీపాకు మైనస్ 37 డాలర్ల 63 సెంట్లకు పడిపోయిందట. అమ్మేవాడే కొనేవాడికి ఎదురు డబ్బులిచ్చి వదిలించుకున్నాడన్నమాట! చదివిన విషయం ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. టమాటాలు ఏరుతూ, "ఏమయ్యా, చమురు నీళ్ళకంటే చౌకయిందట. నీ కూరల ధరలు మాత్రం దిగవేం?" అన్నాను.

అతనికి కోపం రాలేదు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన బంకు చీటీ తీసి చూపించాడు. డీజిలు లీటరు 67 రూపాయల 82 పైసలు.

"మార్చిల గిదే రేటు సార్, ఇయ్యాల గిదే రేటు. చౌకైందని మీరంటున్రు, టీవీల గూడ అంటున్రు. మరి ఆ చౌకైంది యాడికి వోయింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి వచ్చేశాను. దాన్ని ఉదారత అనుకునేరు, ఉత్త సిగ్గు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సాయంత్రం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. 2020 మార్చి 14న కేంద్రం పెట్రోలు మీద, డీజిలు మీద ఎక్సైజు సుంకాన్ని లీటరుకు 3 రూపాయల చొప్పున పెంచింది. మళ్ళీ మే 6 నుంచి పెట్రోలు మీద 10, డీజిలు మీద 13. దానితో డీజిలు మీద కేంద్ర సుంకం 31 రూపాయల 83 పైసలైంది. 2014 మొదట్లో అది 3 రూపాయల 56 పైసలే. దాని పైన తెలంగాణ వ్యాట్ 27 శాతం. అంటే ఆ 67 రూపాయల 82 పైసల్లో రమారమి 46 రూపాయలు పన్నులే. చమురు కొని, ఓడలో తెచ్చి, శుద్ధిచేసి, బంకుకు చేర్చి, డీలరు కమీషను కూడా ఇచ్చుకునేది మిగతా 22 రూపాయల లోపులోనే. ప్రపంచంలో ధర ఎంత దిగితే ఇక్కడ పన్ను అంత ఎక్కింది. అందుకే బంకులో అంకె కదల్లేదు. ఆటో అతను అడిగిన "చౌకైంది" ఎక్కడికి పోయిందో అప్పటికి అర్థమైంది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఆ నెలల్లో ఖజానాకు వచ్చే రాబడి అన్ని వైపులా ఎండిపోయింది. ఉచిత బియ్యం పంచాలి, ఆసుపత్రులు నడపాలి. డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా! మనం వాడే ముడిచమురులో ఎనభై శాతానికి పైగా దిగుమతే గనుక, పీపా ధర పెరిగితే ఏ ప్రభుత్వమూ పూర్తిగా అడ్డుకోలేదన్నదీ నిజం. 2008 జూలైలో పీపా 147 డాలర్లకు ఎగబాకినప్పుడు మనకు ఆ వేడి పూర్తిగా తగల్లేదు. అదీ ఊరికే వచ్చిన చలవ కాదు. 2005 నుంచి 2010 వరకు చమురు కంపెనీలకు నగదుకు బదులు లక్షా ముప్ఫై వేల కోట్ల పైచిలుకు బాండ్లు రాసిచ్చి, బాకీని తర్వాతి వాళ్ళ నెత్తిన పెట్టారు. అప్పుడు ధరను తొక్కిపట్టిందీ విధానమే, తర్వాత దిగకుండా పట్టి ఉంచిందీ విధానమే.

"ఇప్పుడు ధరలు మా చేతిలో లేవు, మార్కెట్టుదే" అన్నమాట మాత్రం నాకు మింగుడుపడదు. కాగితం మీద నిజమే. పెట్రోలు ధర నియంత్రణ 2010 జూన్‌లోనూ, డీజిలుది 2014 అక్టోబరులోనూ ఎత్తేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున ఆరింటికి ధర మారడం మొదలైంది. మరి 2018లో కర్ణాటక ఎన్నికల ముందు పందొమ్మిది రోజులు ఆ ధర ఎందుకు నిద్రపోయింది? 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా, ఉత్తరప్రదేశ్ వగైరా రాష్ట్రాల ఎన్నికలు ముగిసేవరకు, నాలుగు నెలల పైన ఎందుకు కదల్లేదు? ముడిచమురు నూరు డాలర్లు దాటింది ఆ మధ్యలోనే మరి! రోజూ లేచే మార్కెట్టుకు ఓటు వేసే రోజు కూడా తెలుస్తుందన్నమాట.

ఇంతకంటే తేలికైన రుజువు మా కోనసీమ బంధువులు చూపించారు. ఎదుర్లంక దగ్గర గోదావరి వంతెన దాటితే యానాం. పుదుచ్చేరి పాలనలోని ఊరు. ఏళ్ళ తరబడి ఇటువైపు వాళ్ళు ట్యాంకు నింపుకోవడానికి అటు వెళ్తూనే ఉన్నారు. అదే గోదావరి, అదే చమురు, వంతెనకు ఆ చివర ఒక ధర, ఈ చివర ఒక ధర. ఆ తేడాకు గల్ఫ్ షేకులను ఏమని నిందించగలం?

ఎవరిని అడిగినా వేలు పక్కవాడి వైపే. కేంద్రం రాష్ట్రాల వ్యాట్‌ను చూపిస్తుంది. తెలంగాణ 2015లో పెట్రోలు మీద వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి పెంచిన మాట వాస్తవం. రాష్ట్రాలు కేంద్రపు సెస్సులను చూపిస్తాయి. అదీ వాస్తవమే. 2021 ఫిబ్రవరి తర్వాత పెట్రోలు మీద 32 రూపాయల 90 పైసల కేంద్ర సుంకంలో రాష్ట్రాలతో పంచుకోవలసింది 1 రూపాయి 40 పైసలే, మిగతాదంతా సెస్సులూ అదనపు సుంకాలూ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వీటిని దాని బయటే ఉంచేందుకు మాత్రం ఇద్దరికీ అభ్యంతరం లేకపోయింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

ఇదంతా బంకు దగ్గరే ఆగిపోతే ఇంత రాసేవాణ్ణి కాదు. డీజిలు ధర ఇటుకలోకి వెళుతుంది, పాలప్యాకెట్టులోకి వెళుతుంది, బస్సు టిక్కెట్టులోకి వెళుతుంది. వెళ్ళేటప్పుడున్న తొందర వెనక్కి రావడంలో ఉండదు. 2021 నవంబరులో డీజిలు మీద సుంకం 10 రూపాయలు తగ్గించారు. వ్యాట్ లెక్క కూడా కలిసి ఇక్కడ పన్నెండు రూపాయలకు పైనే దిగింది. మా వీధి టిఫిను బండిలో ఇడ్లీ ధర మాత్రం ఒక్క పైసా దిగలేదు. అతన్నీ తప్పుపట్టలేను. ఇవాళ దించితే రేపు ఎక్కించేందుకు ఏ ముఖంతో అడుగుతాడు?

అంతకు నెల ముందు, అక్టోబరులో, హైదరాబాదులో డీజిలు నూరు దాటింది. కూరగాయల ఆటో అతను అప్పటికి వారానికి ఒక్కసారే వస్తున్నాడు. "తిరుగుడు తక్వ చేసిన సార్. బండి తిరిగితే బండే తింటున్నది, నాకేం మిగుల్తలేదు" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు అదీ మానేశాడు. ఎక్కడ ఏం చేసుకుంటున్నాడో తెలియదు.

లెక్క వేసి చూసుకుంటే ఆ ఏడాదంతా నేను గీచి గీచి బేరమాడింది అతనొక్కడితోనే. కిలోకు రెండు రూపాయల కోసం. నా స్కూటర్లో పోయించుకున్న ప్రతి లీటరుకూ ముప్ఫై రెండు రూపాయల పైన సుంకం కడుతూ, "ఇదెక్కడికి పోతోంది?" అని ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట అడిగింది బడిలో రేఖలూ చుక్కలూ నేర్చుకున్న నేను కాదు. ఇప్పుడు బంకులో మీటరు తిరుగుతుంటే నాకు వినబడేది అతని ప్రశ్నే.