పరీక్ష అక్కరలేని పాత కారు

బ్రిటను దేశమందు ఒక నియమము కలదు. కారు తయారై నలువది ఏండ్లు దాటినయెడల, దానిలో పెద్ద మార్పులేవియు చేయకయున్నయెడల, ఏటేట జరుగు ప్రభుత్వ పరీక్షకు దానిని తీసికొనిపోనక్కరలేదు. ఈ పరీక్ష 1960వ సంవత్సరమున ఆరంభమైనది. అక్కడివారు దీనిని ఎమ్‌ఓటీ అందురు. పరీక్షకుడు బ్రేకులు చూచును, చక్రములు కదిలించి చూచును, దీపములు చూచును, కారును పైకెత్తి అడుగున తుప్పును వెదకును. పాత కారుల యజమానులు సాధారణముగా జాగ్రత్తపరులనియు, ఆ కారులు ఎక్కువ దూరము తిరుగవనియు తలంచి, 2018 మే నెలనుండి నలువదేండ్ల కారులకు ప్రభుత్వమువారు మినహాయింపు నిచ్చిరి. అయితే కారును సురక్షితమైన స్థితిలో ఉంచవలసిన బాధ్యతను మాత్రము తీసివేయలేదు. ఆ బాధ్యత యజమానిమీదనే నిలిచియున్నది.

ప్రియ చదువరీ, ఈ నియమమును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఇంగ్లండులో నివసించుచున్న నేను, ఉద్యోగము చాలించిన పిమ్మట, ఒక పాత స్పోర్ట్సు కారును కొని బాగుచేసికొనవలెనని పదునాలుగు నెలలు వెదకితిని. ఆ వెదకుటలో తెలిసికొనిన ఒక సంగతిని మీతో చెప్పగోరుచున్నాను. అది కారులకు మాత్రమే చెందినది కాదని నా తలంపు.

ఈ వయస్సున ఇట్టి కోరిక యేలయని మీరడుగవచ్చును. నా భార్యయు అడిగెను. “ఏమండీ, ఈ మోకాళ్లతో ఆ నేలబారు కారులోనికి ఎట్లా దిగుతారు? దిగినవారు ఎట్లా లేస్తారు?” అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద మంచి జవాబు లేకపోయెను గాని, కోరికకు కారణము మాత్రము కలదు. మా నాన్నగారు రాజమహేంద్రవరములో ఒక షావుకారుగారి అంబాసిడరు టాక్సీని నడిపెడివారు. అంబాసిడరు అనగా ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు మన దేశములో వచ్చిన రూపమే. అందులో అనేక సంవత్సరములు నడచిన 1489 సీసీ ఇంజనును, ఎమ్‌జీ-బీ అను స్పోర్ట్సు కారులోని 1798 సీసీ ఇంజనును ఒకే కుటుంబమునకు చెందినవి. మొదటిసారి ఒక వీధిలో ఎమ్‌జీ-బీ నా ప్రక్కన ఆగి పనిచేయుచుండగా విన్నప్పుడు, వెనుకకు తిరిగి చూడకమునుపే నాకు మా టాక్సీస్టాండు జ్ఞాపకమునకు వచ్చెను. మా నాన్నగారు కాలముచేసి చాల ఏండ్లయినది. ఆ ధ్వనిని మరల నా చేతులతో సరిచేయవలెనని నాకు ఆశ కలిగెను.

ఈ కారునుగూర్చి కొంత చెప్పవలెను. ఎమ్‌జీ అనగా మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డు పట్టణములో విలియం మోరిస్ గారికి ఆ పేరుతో వ్యాపారముండెను. దాని మేనేజరైన సిసిల్ కింబర్ 1920ల కాలమున స్పోర్ట్సు కారులను కట్టించుట ఆరంభించెను. తరువాత సమీపముననున్న అబింగ్‌డన్‌లో వాటి కర్మాగారము స్థిరపడెను. ఎమ్‌జీ-బీ 1962లో వెలువడినది. 1980లో ఆ కర్మాగారము మూతపడువరకు ఐదు లక్షలకు పైగా ఎమ్‌జీ-బీలు తయారైనవి. వాటిలో చాల భాగము అమెరికాకు పోయెను. నేడు మన దేశపు రోడ్లమీద కనబడు ఎమ్‌జీ కారులకు పేరు అదియే గాని, వాటిని కట్టుచున్న చేతులు వేరు.

దీనికి ముందు వచ్చిన ఎమ్‌జీ-ఏ కారునకు అడుగున వేరుగ ఒక ఇనుప చట్రముండెను. ఎమ్‌జీ-బీకి అట్టి చట్రము లేదు. రేకులన్నియు చేర్చి వెల్డింగు చేసిన ఒడలే దాని బలము. గుడ్డ టాపు గల కారు గనుక పైకప్పువలన బలము కలుగదు. ముందు భాగమును వెనుక భాగమును కలిపి పట్టుకొనువాటిలో ముఖ్యమైనవి తలుపుల క్రింద ఇరుప్రక్కల నుండు పొడుగైన ఇనుప పెట్టెలు. వీటిని సిల్లులు అందురు. వాననీరును, శీతకాలమున రోడ్లమీద చల్లు ఉప్పును వీటి లోపల చేరును. తుప్పు లోపలినుండి బయటికి వచ్చును. బయట కనబడునప్పటికి లోపల పని చాలవరకు ముగిసియుండును.

కావున ఇట్టి కారును కొనబోవువాడు పైరంగును చూచి తృప్తి చెందరాదు. మా నాన్నగారు తన తోటి డ్రైవర్లతో “రంగు చూసి మోసపోకండ్రా, వీపు నేలకానించి చూడండి” అనెడివారు. నేను కారులు చూడబోవునప్పుడు నాతో మూడు వస్తువులు తీసికొనిపోవుచుంటిని: ఒక పాత దుప్పటి, ఒక టార్చిలైటు, మెత్తని గుడ్డలో చుట్టిన ఒక చిన్న అయస్కాంతము. రేకున్న చోట అయస్కాంతము పట్టుకొనును. రేకు పోయి పుట్టీ నింపిన చోట జారిపడును. పిమ్మట యజమాని సెలవు తీసికొని, జాకీ పెట్టి ఒక ప్రక్క ఎత్తి, తలుపునకును ఒడలికిని నడుమనున్న సందును చూచెడివాడను. సిల్లులు గట్టిగానున్నయెడల ఆ సందు మారదు. అవి చివికినయెడల పైన సందు ఇరుకగును, కొన్నిసార్లు తలుపే బిగిసిపోవును.

ఈ రీతిగా పది కారులు చూచితిని. కొన్ని బహు ఖరీదైనవి, కొన్ని బహు శిథిలమైనవి. పదునొకండవది మాల్వర్న్ కొండల చెంతనున్న ఒక గ్రామములో నుండెను. అది 1971లో తయారైన ఎర్రని కారు. క్రోమియపు బంపర్లు అద్దమువలె మెరయుచుండెను. ధర తొమ్మిదివేల ఐదువందల పౌనులు. యజమాని ముప్పది ఏండ్ల యువకుడు. అతని భార్య నిండు గర్భిణి. ఇద్దరే కూర్చుండదగిన కారు ఇక తమకు పనికిరాదు గనుక అమ్మదలచితిమని వారు చెప్పిరి. ఆ డబ్బుతో బిడ్డకొరకు గది సిద్ధపరచవలెనని ఆమె సంతోషముతో పలికెను. కారు చివరిసారి పరీక్షకు పోయినది 2017లో. తరువాత మినహాయింపు వచ్చినది గనుక వారు గాని, వారికి అమ్మినవారు గాని దానిని పరీక్షకు పంపలేదు.

దుప్పటి పరచి క్రింద పండుకొంటిని. అయస్కాంతమును ఎడమ సిల్లుమీద ఆనించితిని. అది జారి దుప్పటిమీద పడెను. జానెడు దూరము జరిపితిని, మరల పడెను. జాకీతో ఎత్తగా తలుపు బిగిసిపోయెను.

ఆ సమయమున నా యెదుట మూడు త్రోవలుండెను. “ఆలోచించి చెప్పెదను” అని మర్యాదగా సెలవు పుచ్చుకొనవచ్చును. అట్లు చేసినవారు నాకు ముందు ఎందరో ఉండవచ్చును. లేక, ఈ లోపమును చూపి ధరను మూడువేలకు దించి కొనవచ్చును. ఒడలు పోయినను ఇంజను మంచిది, చక్రములు మంచివి. నాకు నష్టము రాదు. లేక ఉన్నది ఉన్నట్లు చెప్పవచ్చును. చెప్పినయెడల, ఈ ముసలివాడు ధర తగ్గించుటకు పన్నాగము పన్నుచున్నాడని ఆ యువకుడు తలంచును. అట్లు తలంచినవాడు నా మాట నమ్మడు. నమ్మనివాడు కారును మరియొకనికి అమ్మును, లేక ఆ గర్భిణిని దానిలో కూర్చుండబెట్టుకొని తిరుగును.

కావున నేను లేచి చేతులు దులుపుకొని, “అయ్యా, నేను ఈ కారును ఏ ధరకును కొనను. ముందుగా ఈ మాట చెప్పుచున్నాను, ఏలయనగా తరువాత చెప్పబోవుదానిలో నాకు లాభమేమియు లేదని మీకు తెలియవలెను” అంటిని. ఆ పిమ్మట అయస్కాంతము జారిపడిన చోట్లు చూపితిని.

అతని ముఖము ఎర్రబడెను. “సిల్లులు క్రొత్తవి వేయించితిమి. నాలుగేండ్ల క్రిందట డబ్బు చెల్లించిన బిల్లు ఉన్నది” అనెను. ఉన్నమాటే, బిల్లు తెచ్చి చూపెను. నేను వాదింపలేదు. అతని భార్య మెల్లగా వచ్చి, అయస్కాంతమును నా చేతినుండి తీసికొని, ఒక చేతితో కారు అంచు పట్టుకొని కష్టముతో వంగి, తానే సిల్లుమీద ఆనించెను. అది పడెను. ఆమె భర్తవైపు చూచి, “గత ఆదివారము నన్ను దీనిలోనే ఆసుపత్రికి తీసికొనిపోతివి” అనెను. అతడు నాతో, “ఇక మీరు వెళ్లవచ్చును” అనెను. నేను వెళ్లితిని. దారి పొడుగునను నా మనస్సు భారముగా నుండెను. వారి బిడ్డ గదికి కావలసిన డబ్బు నా నోటి మాటతో పోయినది గదా!

మూడు వారములకు అతనినుండి ఒక సందేశము వచ్చెను. సిల్లును కోయించి చూచిరట. లోపల తీగవలయు, ముద్దచేసి కూరిన వార్తాపత్రికలును, పైన పుట్టీయు ఉండెనట. కారును అమ్మజూపుట మానుకొని గ్యారేజీలో నిలిపితిమని వ్రాసెను. ఆడబిడ్డ పుట్టినదని చివర ఒక వాక్యముండెను. కృతజ్ఞతా వచనములేవియు లేవు, వాటి అక్కరయు లేదు.

చివరకు నేను కొనిన కారు ష్రాప్‌షైరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. ఆయనకు ఎనుబది నాలుగేండ్లు. కారు 1969లో తయారైనది. ఆకుపచ్చ రంగు వెలిసిపోయి, ఒక రెక్కమీద తుప్పు బాహాటముగా కనబడుచుండెను. నేను దుప్పటి పరచకమునుపే ఆయన ఒక దస్త్రము నా చేతికిచ్చెను. అందు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియమువారు కర్మాగారపు లెక్కలనుబట్టి ఇచ్చిన ధ్రువపత్రముండెను. దాని వెనుక ఏటేటి పరీక్షా పత్రములు ఉండెను. 2018 తరువాతివియు ఉండెను. మినహాయింపు ఉన్నను కోరినవారు పరీక్ష చేయించుకొనవచ్చును. ఆయన ప్రతి సంవత్సరము చేయించెను. నెగ్గిన పత్రములను మాత్రమే గాక, తప్పిన పత్రములను సయితము వరుసగా దాచియుంచెను. “కుడి సిల్లు ఇంకను రెండేండ్లు నిలుచును. ఎడమది నిలువదు. పరీక్షకుడు గత సంవత్సరమే చెప్పెను” అనెను.

“అక్కరలేని పరీక్షకు ఎందుకు పోవుచున్నారు?” అని అడిగితిని.

“ఆ పరీక్షకుడు నా స్నేహితుడు కాడు. నా స్నేహితులందరు కారు చాల బాగున్నదనిరి” అని ఆయన నవ్వెను.

ఐదువేల రెండువందల పౌనులిచ్చి ఆ కారును తెచ్చుకొంటిని. రెండు సిల్లులును మార్చుటకు తీర్మానించితిమి. పైకప్పులేని కారుకు సిల్లును ఊరక కోయరాదు. కోసినయెడల ఒడలు నడుమ వంగిపోవును. మొదట తలుపుల ద్వారములకు అడ్డముగా గట్టి ఇనుప కమ్మీలు బిగించి, ఒడలిని నిలిపి, అటుపిమ్మట పాత రేకును కోయవలెను. మాకు వెల్డింగు చేసిన పనివాడు కమ్మీలు బిగించుటకు ఒక పగలంతయు పుచ్చుకొనెను, కోయుటకు ఒక గంట పట్టెను. నిజము చెప్పుటయు ఇట్టి పనియేనని నాకు తోచెను. వినువానిని మొదట నిలువబెట్టవలెను, అటుపిమ్మట కోయవలెను.

ప్రియులారా, మనుష్యులయందును ఈ మినహాయింపు కలదు. బాల్యమున ఉపాధ్యాయులు మనలను పరీక్షించిరి. యౌవనమున తల్లిదండ్రులును, పనిలో పై అధికారులును పరీక్షించిరి. అరువదేండ్లు దాటినతరువాత ఎవరు పరీక్షించుచున్నారు? కుమారులు గౌరవముచేత ఊరకుందురు. కోడండ్రు ఎదురు చెప్పరు. సభలో మనము ప్రవేశించినప్పుడు లేచి నిలుచుందురు. మనము చెప్పిన కథనే మరల చెప్పినను నవ్వుదురు. పెద్దలను గౌరవించుట మన ఇండ్లలో ఉన్న మంచి అలవాటు. అయితే గౌరవము అడుగున పండుకొని తుప్పును వెదకదు. మన కోపము పెరిగినదా, చూపు తగ్గినను బండి నడుపుచున్నామా, లెక్కలలో పొరపడుచున్నామా, ఎవరి మాటయు విననివారమైతిమా? ఇవన్నియు లోపలినుండి బయటికి వచ్చునవే. బయటపడునాటికి మనలను ఆనుకొనియున్నవారు మనతోకూడ వంగిపోవుదురు.

పరీక్ష తొలగింపబడినప్పుడు బాధ్యత తొలగింపబడలేదు. అది పూర్తిగా మన చేతికి వచ్చినది. కావున మనలను పొగడని ఒక్కనినైనను మనమే ఏర్పరచుకొందము. అతడు మన తమ్ముడు కావచ్చును, వైద్యుడు కావచ్చును, పెరిగిన కుమార్తె కావచ్చును. సంవత్సరమునకొకసారియైనను అతనియెదుట కూర్చుండి, “నాలో ఏది చివికినదో చెప్పుము, చెప్పినందుకు నేను కోపపడను” అని ముందుగా మాట ఇత్తము. చెప్పిన దానిని దాచక దస్త్రములో ఉంచుకొందము.

నా ఆకుపచ్చని కారు ఇప్పుడు ఏటేట ఏప్రిలు నెలలో పరీక్షకు పోవుచున్నది. ఈ సంవత్సరము ఒక బ్రేకు గొట్టము పగుళ్లిచ్చినదని పరీక్షకుడు వ్రాసియిచ్చెను. మరునాడే దానిని మార్పించి, ఆ కాగితమును మిగిలినవాటితోకూడ భద్రపరచితిని.