నాయిన మైనం దారం

ఈ వారం సాహిత్యం లేదు. మౌస్ కథ చెప్తాను. 'గబ్బిలం' మీద పేజీలకు పేజీలు రాసినవాడికి ఎలుకతో పనిపడింది.

నా పీహెచ్‌డీ మొత్తం ఒక వైర్‌లెస్ మౌస్‌తోనే పూర్తయింది. లోపల చార్జింగ్ బ్యాటరీ. మొదట్లో ఒకసారి చార్జ్ చేస్తే నెల నడిచేది. ఇప్పుడు రెండో పీరియడ్‌కే ఎర్రలైటు. మేడ్చల్‌లో ఒక షాపుకు తీసుకెళ్తే అబ్బాయి తిప్పి కూడా చూడలేదు. "ఇది ఓపెన్ కాదు సార్, పడేసి కొత్తది తీసుకోండి" అన్నాడు.

ఓపెన్ కాకపోవడమేంటి? స్క్రూలు ఉన్నాయి. అడుగున నున్నగా జారడానికి అంటించిన నల్ల ముక్కల కింద దాచారు, అంతే. కొన్ని వందల చార్జింగుల తర్వాత లిథియం బ్యాటరీ సత్తువ తగ్గుతుందని తయారుచేసినవాళ్లకు తెలుసు. అయినా మార్చుకోవడానికి మూత పెట్టరు.

ఆదివారం శామీర్‌పేట ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ఆ ముక్కల్ని పీకబోయి ఒకటి చింపేశాను. నాయిన మంచంమీద కూచొని చూస్తున్నాడు. నలభై ఏండ్లు చెప్పులు కుట్టిన మనిషి. "అట్ల గాదురా, ఇటు తే" అని లేచి తన ట్రంకు పెట్టెలోంచి రంపె తీశాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రంపె అటక మీద ఉండాలి. ఉద్యోగం వచ్చి కిరాయింటికి మారినప్పుడు ఆరె, రంపె ఉన్న సంచిని అటకెక్కించింది నేనే. ఓనరు చూస్తాడని. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. కులం పనిని కాదు, పనిచేసే మనుషులనే విడదీస్తుందని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో చెప్పిన మాటను ఏటా క్లాసులో గొంతు పెంచి చెప్తాను. ఇంట్లో మాత్రం అటక.

నాయిన రంపె అంచుతో మిగతా ముక్కల్ని చిరగకుండా లేపాడు. స్క్రూలు తీశాం. లోపల వెండి రేకు సంచిలాంటి చిన్న బ్యాటరీ, కొంచెం ఉబ్బి, అడుగున రెండువైపులా అంటుకునే టేపుతో కరుచుకొని ఉంది. ఆయన రంపె దాని కిందికి పోనివ్వబోతే చెయ్యి పట్టుకున్నాను. అక్కడ పొర తెగితే లోపల ప్లస్సూ మైనస్సూ కలిసి మంటలేస్తాయి. "తోలు గాదు నాయినా ఇది" అన్నాను. ఆయన కాసేపు చూసి, మైనం పట్టించిన కుట్టుదారం తెచ్చి బ్యాటరీ కిందినుంచి దూర్చి, రెండు చివరలూ పట్టుకొని మెల్లగా అటూ ఇటూ లాగాడు. టేపు తెగి బ్యాటరీ చేతిలోకొచ్చింది.

దాని మీద 503040 అని ఉంది. అది కొలత: మందం 5 మిల్లీమీటర్లు, వెడల్పు 30, పొడవు 40. వోల్టేజి 3.7. మరునాడు కోఠి గుజరాతీ గల్లీలో అదే కొలతది నూట ఎనభైకి దొరికింది. మీరు మారిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: ప్లగ్గు సరిపోయినంత మాత్రాన పెట్టేయొద్దు, ఎర్ర వైరూ నల్ల వైరూ ఒక్కో తయారీలో అటూ ఇటూ మారి ఉంటాయి. నాదీ అలాగే ఉంటే మార్పించాను. మౌస్ నడుస్తోంది. ఈ పోస్టు దానితోనే.

మిగిలింది పాత బ్యాటరీ. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసినవాటిని సేకరించే బాధ్యత తయారీదారులది. నేను అడిగిన రెండు షాపుల్లోనూ "చెత్తలో వేయండి సార్" అన్నారు. నగరం చెత్త పోయేది మా పక్కనున్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. ఆ చెత్తను చేత్తో ఏరేది ఎవరో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీ లారీలో నలిగితే చాలు, నిప్పు.

వైర్ల చివరలకు టేపు చుట్టి ఒక డబ్బాలో విడిగా పెట్టాను. చెత్త ఆటో అక్క చూసి "ఏంది సార్ అది?" అంది. చెప్పాను.

"గిట్లాంటియి మస్తు వస్తయ్ సార్. మాకెవ్వలు చెప్పలే" అంది.