వెయ్యి పోట్ల పెయ్యదూడ

ఉన్ని ముద్దని సూదితో పొడుస్తూ పోతే బొమ్మ అవుతుంది. దారం లేదు, కుట్టు లేదు, జిగురు లేదు. పొడవడమే పని. దీన్నే నీడిల్ ఫెల్టింగ్ అంటారు. ఫోన్‌లో ఆ వీడియోలు మొదటిసారి చూసినప్పుడు నాకైతే నమ్మబుద్ధి కాలేదు. చలిదేశాల వాళ్లు నక్కలు, ఎలుగుబంట్లు, పెంగ్విన్లు చేస్తుంటారు. నేను మాత్రం గేదె దూడని చేద్దామనుకున్నా.

ఎందుకంటే మా ఇంట్లో చివరి గేదెని కిందటేడు సంక్రాంతికి ముందే అమ్మేశాం. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. గడ్డి కోసి తెచ్చేవాళ్లు లేరు, అమ్మమ్మకి మోకాళ్లు సహకరించట్లేదు. గేదెతోపాటు దాని పెయ్యదూడ కూడా ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అమ్మమ్మ ఇప్పటికీ చీకటితోనే లేచి పాక వైపు ఓసారి చూసి వస్తుంది.

కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించా. నలుపు, బూడిద, తెలుపు రంగుల ఉన్ని, మూడు సూదులు, ఒక స్పాంజి దిమ్మ, వేళ్లకి తొడుక్కునే తోలు తొడుగులు. ఉన్ని చేతిలోకి తీసుకుని అమ్మమ్మ "ఇదేంటే, దూదిలా ఉంది గానీ దూది కాదు" అంది. ఆవిడకి కొత్తే మరి. మన డెల్టాలో ఉన్నితో పనేముంది? ఇక్కడ చలంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల నాలుగు రోజులు. మన నెల్లూరు గొర్రెకి ఒంటినిండా వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. అటు తెలంగాణలో, రాయలసీమలో దక్కని గొర్రెల నల్ల ఉన్నితో గొంగళ్లు నేస్తారు. మనకి దగ్గర్లో ఉన్ని పని అంటే ఏలూరు తివాచీలే.

ఇక సూది సంగతి. దానికి కన్ను ఉండదు. మొన మూడు పలకలుగా ఉండి, అంచుల వెంట కంటికి సరిగ్గా ఆనని గంట్లు ఉంటాయి. ఉన్ని పోగు మీదేమో చేపకున్నట్టు సన్నటి పొలుసులుంటాయి. సూది దిగినప్పుడు ఆ గంట్లు కొన్ని పోగుల్ని పట్టుకుని లోపలికి తోస్తాయి. పైకొచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వస్తాయి. లోపల పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ముద్ద గట్టిపడుతుంది, చిన్నదవుతుంది. ఈ సూదులు మొదట ఫెల్టు గుడ్డ తయారుచేసే మెషిన్ల కోసం వచ్చినవి. 1980ల్లో అమెరికాలో కొందరు వాటిని చేత్తో పట్టుకుని బొమ్మలు చేయడం మొదలుపెట్టారు.

మొదటి రోజు సాయంత్రానికి నా దగ్గరున్నది నిమ్మకాయంత నల్లటి ముద్ద. రెండో రోజు కాళ్లు. ఫెల్టింగ్‌లో కాళ్లే కష్టం, సన్నగా ఉంటాయి కాబట్టి ఒకవైపు పొడిస్తే రెండోవైపు ఉబ్బుతాయి. తిప్పుతూ తిప్పుతూ పొడవాలి. మూడో రోజు తల పెట్టా. తమ్ముడు చూసి "కుక్కపిల్ల బాగుందక్కా" అన్నాడు.

అప్పటిదాకా పక్కన కూర్చుని చూస్తున్న అమ్మమ్మ "ఇలా తే" అంది.

మా అమ్మమ్మ గురించి చెప్పాలి. ఎనిమిదేళ్ల వయసు నుంచి లేసు అల్లింది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇది మామూలే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, ఇంటింటికీ పాకింది. చిన్న కొక్కెం ఉన్న సూది, నూలు దారం, పని తెమిలాక అరుగు మీద నలుగురు ఆడవాళ్లు. ఆ టేబుల్ క్లాత్‌లు ఓడలెక్కి విదేశాలకి వెళ్లాయి. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వీళ్ల గురించే ఒక పుస్తకం రాసింది. రోజూ గంటల తరబడి అల్లే ఈ ఆడవాళ్లని 'పనివాళ్లు' అని కాకుండా 'ఖాళీ టైంలో ఏదో చేసుకునే గృహిణులు' అని చూడడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని అందులో వాదించింది. 2024లో నర్సాపురం లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మమ్మ ఒకటే అడిగింది: "దానివల్ల కూలి పెరుగుద్దా?"

కంటి ఆపరేషన్ అయ్యాక, చేతులు వణకడం మొదలయ్యాక ఆవిడ లేసు మానేసింది. వేళ్లు మాత్రం మానలేదు. టీవీ చూస్తూ కూడా చీర అంచు మీద అల్లుతున్నట్టే కదులుతుంటాయి. పాక ఖాళీ, చేతులూ ఖాళీ. ఆ ఖాళీ ఆవిడని ఎంత తినేస్తోందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడుకోం.

అలాంటి చేతులు సూది పట్టుకున్నాయి. లేసులో ఒక్క ముడి తేడా వచ్చినా కనబడిపోతుంది. ఇందులో కాస్త వణికినా ఫర్వాలేదు. ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో వేలికే తెలిసిపోతుంది, కళ్లతో పెద్దగా పనిలేదు.

"పెయ్య చెవులు పైకి నిలబడవే. పక్కకి, ఆకుల్లా వాలి ఉంటాయి. ముట్టె వెడల్పుగా ఉండాలి, పాలు తాగాలి కదా" అంటూ పొడుస్తూనే ఉంది. నేను మరచిపోయినవన్నీ ఆవిడకి గుర్తున్నాయి. నుదుటి మీద తెల్లచుక్క ఎడమవైపుకి కాస్త జరిగి ఉండేదట.

మధ్యలో ఆగి ఒక మాట అంది. "లేసు సూది లాగుద్ది, ఇది తోస్తుంది. లేసు నచ్చకపోతే ఒక్క కొస పట్టుకుని లాగితే మొత్తం విడిపోయేది. ఇందులో లోపలికి పోయింది ఇంక బయటికి రాదు. పైన ఇంకొంచెం వేసుకోవాలంతే." ఆవిడ ఉన్ని గురించే అంది. నేను మాత్రం కాసేపు సూది పక్కన పెట్టేశా.

మీరూ ట్రై చేస్తారా? సూదిని నిటారుగా దించి నిటారుగానే తీయండి, లోపల వంచితే విరుగుతుంది. చూపు సూది మీద ఉండాలి, ఫోన్ మీద కాదు. మొదటి బొమ్మకి కాళ్లు పొట్టిగా ఉన్న జంతువుని ఎంచుకుంటే సుఖం.

దూడ పూర్తయ్యాక ఇలాంటి బొమ్మలు ఆన్‌లైన్‌లో ఎంతకి అమ్ముతున్నారో చూపించా. అమ్మమ్మ ధర చూసి ఆశ్చర్యపోతుందనుకున్నా. ఆవిడ అడిగింది వేరే. "మనకి ఎన్ని గంటలు పట్టిందే?"

లేసుకి ఆవిడకి లెక్కగట్టింది దారాన్ని బట్టి. ఇన్నేళ్లలో గంటల లెక్క ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరం వేళ్ల మీద లెక్కేశాం. పదకొండు.

దూడని అమ్మేది లేదని తేల్చేసింది. రెండోది మేకపిల్లట, దాన్ని అమ్ముదామంది. పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేత గీతలు గీయించి, మొదటి వరుస రాయించింది: పెయ్యదూడ, పదకొండు గంటలు, ఇద్దరు మనుషులు.