గార్నెట్ నల్లగా ఉంటే తప్పెవరిది?

ఆన్‌లైన్‌లో రాళ్ళ నగలు కొన్నవాళ్ళకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఫోటోలో నిప్పుకణికలా వెలిగిపోయిన ఎర్రరాయి, కొరియర్ డబ్బా విప్పేసరికి బాగా మాగిన నేరేడుపండులా కనిపిస్తుంది. వెంటనే మోసం అంటాం. నన్నడిగితే చాలాసార్లు రాయి అదే, మారింది దీపం. కాకపోతే దీపం మార్చడం కూడా మోసమేనా కాదా అన్నదగ్గర మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. అందుకే ఈ సోది.

మా పెద్దమ్మ కూతురు చర్లలో ఉంటుంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా పోతే వస్తుంది, అది దాటితే అడవి, ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్. ఖమ్మం జిల్లా అనే అలవాటు మాకింకా పోలేదు గానీ 2016 నుంచి అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అక్క వెండితీగ అల్లి, అందులో గార్నెట్లు పొదిగి కమ్మలూ దండలూ చేస్తుంది. అచ్చు పోసిన పని కాదు, ప్రతీదీ చేత్తోనే. అమ్మకమంతా వాట్సాప్‌లో. అంటే ఆవిడకి షాపంటూ లేదు, ఫోటోయే షాపు.

పోయినేడాది 12 రోజులు కూర్చుని చేసిన సెట్టు ఒకటి బెంగళూరు నుంచి వెనక్కొచ్చింది. దాని ఫోటోలు పట్నంలో ఒకాయన చేత తీయించింది. ఆయన రాయి వెనక చిన్న ఎల్ఈడీ దాచి, తర్వాత కంప్యూటర్లో రంగు ఇంకాస్త లాగి, దానిమ్మగింజల్లా చేసిపెట్టాడు. కొన్నావిడ "చూపించింది కెంపులు, పంపింది ఇంకేదో" అని తిప్పి పంపేసింది. అక్క ఫోన్ చేసి, "నేను రాయి మార్చిన అంటుందిరా ఆమె. నేను మారుస్తానా?" అంది. డబ్బు తిరిగిచ్చేసిందనుకోండి, అది వేరే సంగతి. ఆ "మారుస్తానా" అన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు.

అసలు గార్నెట్ ఎందుకు నల్లబడుతుంది? అక్క వాడేది అల్మండైన్, అంటే ఇనుము ఉన్న రకం. ఆ ఇనుము వెలుతురులోని ఆకుపచ్చ, పసుపు మింగేసి ఎరుపుని వదిలేస్తుంది. కెంపులో ఉండేది క్రోమియం. అది ఎండలోని కాంతి తాగి తనే ఎర్రగా వెలుగుతుంది కూడా. మంచి కెంపుకి సొంత బల్బు ఉన్నట్టన్నమాట. గార్నెట్‌కి ఆ భాగ్యం లేదు, ఉన్న ఇనుము ఆ వెలుగుని చంపేస్తుంది. పైగా రాయి మందం రెట్టింపైతే దాంట్లోంచి బయటికొచ్చే కాంతి సగమవదు. పావువంతు వచ్చే చోట పదహారోవంతే వస్తుంది. అందుకే చిన్న పూసలు ఎర్రగా, లావుపాటి రాళ్ళు నల్లగా ఉంటాయి. అది రాయి గుణం, లోపం కాదు.

ఇక బల్బుల సంగతి. ఇది మనవాళ్ళకి నచ్చుతుంది. ఎల్ఈడీ డబ్బా మీద సీఆర్ఐ 80 అని ఘనంగా వేస్తారు, రంగులు అంత బాగా చూపిస్తుందని. ఆ అంకె ఎనిమిది లేతరంగుల సగటు. ముదురు ఎరుపు తొమ్మిదోది, ఆర్ 9 అంటారు, అది ఆ సగటులో చేరదు! ఫెయిలయ్యే టెస్టు కేసుని పక్కన పెట్టేసి బిల్డ్ గ్రీన్ అని మెయిల్ కొట్టినట్టు. సీఆర్ఐ 80 ఉన్న బల్బుకి కూడా ఆర్ 9 సున్నా దగ్గర ఉండొచ్చు. దాని కింద చొక్కాలు బానే కనిపిస్తాయి, గార్నెట్ మాత్రం బొగ్గే. పాత ఫిలమెంటు బల్బులో ఎరుపు బోలెడు కాబట్టి అదే రాయి దాని కింద ప్రాణం పోసుకుంటుంది.

దసరాకి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు అక్క వరండాలోనే కూర్చున్నాను. అంతకుముందు ఆవిడ ఫోన్‌తో ఇప్పచెట్టు నీడలో తీసేది, ఎండ మరీ గట్టిగా ఉంటుందని. చెట్టునీడ చల్లగా ఉంటుంది నిజమే, కానీ ఆకుల్లోంచి దిగే వెలుతురు ఆకుపచ్చ. గార్నెట్ మింగేదే ఆకుపచ్చ. అంతకంటే చెడ్డ చోటు వెతికినా దొరకదు. వరండాలో ఆకాశం కనిపించే వైపు బల్ల వేసి, ఒక పక్క బటర్ పేపరు కట్టి, రెండో పక్క టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ నిలబెట్టాం. మబ్బు పట్టిన రోజైతే ఇంకా హాయి, ఆకాశమంతా పెద్ద లాంతరే.

వెండి పెట్టే కష్టం వేరు. అది అద్దం, చుట్టూ ఉన్నవన్నీ అందులో కనిపిస్తాయి, నా చారల చొక్కాతో సహా. అంతా తెల్లగా కప్పేస్తే తీగ అల్లిక పిండిముద్దలా అయిపోతుంది. అందుకని కెమెరాకి కనపడకుండా నల్ల అట్టముక్కలు రెండు అటూ ఇటూ పెడితే తీగ అంచులు గీత గీసినట్టు తేలాయి. పోలరైజర్ ఫిల్టరు రాయి మీది జిగేల్‌ని తగ్గిస్తుంది గానీ లోహం మీద పెద్దగా పనిచెయ్యదు. పట్టకాల మెరుపు కోసం మాత్రం మెత్తటి వెలుతురు చాలదు. అట్టకి బెజ్జం పెట్టి టార్చి కాస్త వేశాం. ఫోన్ తెల్ల గుడ్డని చూసి వెలుతురు తనే తగ్గించేస్తుంది కాబట్టి రాయి మీద వేలు నొక్కిపట్టి లాక్ చెయ్యాలి. ఎరుపు ఛానల్ 255కి కొట్టుకుంటే లోపలి పట్టకాలన్నీ ఒకే ముద్ద, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఇంతా చేస్తే ఫోటోలో వచ్చింది ముదురు ఎరుపు, అంచుల్లో కొంచెం వైన్ రంగు. రాయి చేతిలో ఎలా ఉందో అలాగే. అక్క చూసి, "ఇట్ల పెడితే ఎవరు కొంటరురా? అందరూ వెనక లైటు పెట్టే తీస్తున్నరు" అంది.

ఆ మాటకి తేలిగ్గా జవాబు లేదు. రాయి వెనక వెలుగు పెట్టడం పాత విద్యే. 1939లో ఇంగ్లండులో సట్టన్ హూ అనే చోట ఏడో శతాబ్దపు ఓడ సమాధి తవ్వితే గార్నెట్ నగలు బయటపడ్డాయి. పల్చటి గార్నెట్ బిళ్ళల కింద నగిషీ నొక్కిన బంగారు రేకు వేశారు, లోపలికెళ్ళిన వెలుతురు తిరిగొచ్చేలా. మన కుందన్ పనిలోనూ రాయి కింద రేకు ఉంటుంది. గార్నెట్ అయితే మాకు మరీ దగ్గరిది. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో దొరికే గార్నెట్లకీ, పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్లకీ లంకె ఉందని 2017లో జర్నల్ ఆఫ్ జెమాలజీలో ఒక పరిశోధన వచ్చింది. (మా అక్క వాడే రాళ్ళు మాత్రం జైపూర్‌లో సానపట్టి కొరియర్‌లో వస్తాయి. అదో విచిత్రం.)

మరి వాళ్ళది మోసం కాకపోతే ఫోటోగ్రాఫరుది ఎలా మోసం? నాకు తోచిన తేడా ఒకటే. ఆ రేకు నగతో పాటే కొన్నవాళ్ళింటికి వెళ్తుంది. ఎల్ఈడీ మాత్రం ఫోటోగ్రాఫరు బల్ల మీదే ఉండిపోతుంది. ఇది చెప్తే అక్క కాసేపు ఏమీ అనలేదు.

చివరికి ఒక్కో నగకి మూడు ఫోటోలు అనుకున్నాం: వరండా వెలుతురులో ఒకటి, రాత్రి ట్యూబ్‌లైటు కింద చెవికి పెట్టుకుని ఒకటి, వెనక దీపంతో ఒకటి. మూడోదాని కింద "ఎండకి అడ్డం పట్టి చూస్తే ఇలా" అని రాస్తుంది. అడిగేవాళ్ళు తగ్గారు, అబద్ధమెందుకు. నా జీతం నెలనెలా పడుతుంది కాబట్టి నీతులు నాకు సులువు, ఆ తగ్గింది ఆవిడకి కదా. తిప్పి పంపినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

ఇప్పుడు ఆవిడ ఇంకో పనిలో పడింది. పల్చటి రాళ్ళు తెప్పించి, కింద వెండిరేకు పెట్టి, వెనక మూసేసి ఒక జత కమ్మలు చేసింది. ట్యూబ్‌లైటు కింద కూడా ఎర్రగానే ఉన్నాయట. చెమటో నీళ్ళో లోపలికి దిగితే రేకు నల్లబడుతుందని భయం. అందుకని ఆ జత తనే పెట్టుకుని తిరుగుతోంది, ఒక వానాకాలం గడిచాకే అమ్మకానికి పెడుతుందట.