టిక్కెట్టు అడిగిన బాలిక

దేశనాయకుల చిత్రపటములను గోడలకు తగిలించుకొనుట మన యిండ్లలో చిరకాలముగ నున్న యాచారము. మా వసారాలోను అవి గలవు. ఏటేట ఆగస్టు 15వ తేదీని వానికి పూలదండలు వేయుదుము. మరునాటికి దండలు వాడును. మేమును మా పనులలో పడుదుము. నిరుడు ఆ పండుగనాడు ఒక బాలికా పాఠశాలవారు దుర్గాబాయి దేశముఖుగారిని గూర్చి ప్రసంగింపుమని మమ్ము కోరిరి. ఆ ప్రసంగమును, ఆ వారముననే మా యింట జరిగిన యొక చిన్న సంగతిని చదువరులకు నివేదింప దలచితిమి.

నాడు మేము చెప్పిన కథ పెక్కురకు తెలిసినదే. 1923 డిసెంబరులో కాకినాడయందు మౌలానా మహమ్మదాలీ యధ్యక్షతను కాంగ్రెసు మహాసభ జరిగెను. అచటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ పదునాలుగేండ్ల దుర్గాబాయి సేవికయై నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్లాలు నెహ్రూ వచ్చెను, ఆయన కడ టిక్కెట్టు లేదు, ఆమె విడువలేదు. నిర్వాహకులు కోపించిరి. తమ యాజ్ఞనే తాను పాటించితినని ఆమె బదులు చెప్పెను. టిక్కెట్టు కొనిన పిమ్మటనే ఆయన లోనికేగెను; ఆ బాలిక కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను. ఈ కథ విని బాలికలు చప్పట్లు చరచిరి. మేమును మిక్కిలి సంతసించితిమి.

అంతకు రెండేండ్ల ముందు జరిగిన సంగతి ఇంతకంటెను పెద్దది. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నాడని తెలిసి, దేవదాసీలును ఘోషా స్త్రీలును ఆయన మాటలు వినవలెనని దుర్గాబాయి పట్టుబట్టెను. అయిదువేల రూపాయల నిధి సమకూర్చినచో చూతమని పెద్దలనిరి. ఆ భారమును దేవదాసీలే పైన వేసికొనిరి. మహాత్ముడు వచ్చి వారితో మాటలాడెను. స్త్రీలు గాజులను, నగలను ఒలిచి యిచ్చిరి. గౌరవస్థులమనుకొనువారు తమ గడప దాటనీయని స్త్రీలు దేశమునకై నిధి కూర్చిరి. వారి పటములు మా వసారాలో లేవు.

ఆ బాలికకు ఇట్టి ధైర్యము ఎచటినుండి వచ్చెను? 1881లో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిన రాజమహేంద్రవరముననే 1909లో ఆమె జన్మించెను. ఎనిమిదవయేట ఆమెకు పెండ్లి చేసిరి. తెలివివచ్చిన పిమ్మట ఆమె ఆ కాపురమునకు పోనొల్లననెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఇంట ఒక ప్రశ్నకు చోటిచ్చిరి గనుకనే ఆ ప్రశ్న వీథికి వచ్చెను, ఉప్పు సత్యాగ్రహమునకు వచ్చెను, చెరసాలకు పోయెను. చెరలో చట్టమెరుగని పేదస్త్రీల దుర్గతిని చూచి ఆమె న్యాయశాస్త్రము చదివెను. 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించెను. పిదప రాజ్యాంగసభలో కూర్చుండెను.

ఇక మా యింటి సంగతి. ఆ వారముననే వరలక్ష్మీవ్రతము వచ్చెను. ఇరుగుపొరుగు ముత్తైదువులు హాలులో కూర్చుండి పసుపుకుంకుమలు, శనగలు, తాంబూలములు పుచ్చుకొనుచుండిరి. భర్తను కోల్పోయిన మా చెల్లెలు తెల్లవారుజామున లేచి తొమ్మిది పిండివంటలు చేసి, వంటయింటి తలుపు వెనుక నిలిచియుండెను. పదమూడేండ్ల మా తమ్ముని కుమార్తె అందరు వినుచుండగా, “పెదనాన్నా, అత్తయ్య ఇవతలికి ఎందుకు రాదు?” అని అడిగెను. “పెద్దల సంగతులు నీకెందుకమ్మా!” అని మేము కసరితిమి. పిల్ల తలవంచుకొని పోయెను. ఆ రాత్రి మా కడకు వచ్చి, “మొన్న మీరు బడిలో మెచ్చుకొన్న పిల్ల కూడ పెద్దలనే కదా ఆపింది?” అనెను. మాకు మాట రాలేదు.

ద్రాక్షారామమున పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారు మాకు జ్ఞప్తికి వచ్చిరి. బాల్యముననే వైధవ్యము పొందిన ఆమె సభలలో సింహమువలె ప్రసంగించి, 1922లో చెరసాల కేగెను. ఒక వితంతువు దేశమునకై చెరసాల కేగిన నూరేండ్లకు, మా చెల్లెలు మా యింటి హాలులోనికి రాలేకుండెను. ఆమెను ఆపినది ఏ పరప్రభుత్వమును కాదు. ఆపినది మేము.

ఈ యేటి వ్రతమునకు మా చెల్లెలిని చేయిపట్టి తెచ్చి హాలులో కూర్చుండబెట్టితిమి. “వద్దన్నయ్యా, నాకు అలవాటు లేదు” అని ఆమె చేతులు వణకినవి. మా తమ్ముని భార్య మొదటి తాంబూలము ఆమెకే యిచ్చెను. ముత్తైదువులిద్దరు తాంబూలము పుచ్చుకొనకయే లేచిపోయిరి. తక్కినవారు కూర్చుండిరి.

ఒక తలుపు తీసితిమిగదా యని మేము లోలోన సంతసించుచుండగా, పిల్ల మా భుజము తట్టి పెరటివైపు చూపెను. మా యింట అంట్లు తోము మనిషి పెరటి గుమ్మముకడ కొంగు పట్టి శనగలు పుచ్చుకొనుచుండెను. పిల్ల ఏమియు అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. వసారాలోని నాయకులను వారి కాలమున అడిగినవారు అడిగిరి. ఇప్పుడు మమ్ము అడుగువారు మా యింటనే పెరుగుచున్నారు. వారికి కసరక బదులు చెప్పగలిగిననాడే ఆ పటములకు దండ వేయు నధికారము మాకు కలుగును.